గోండ్వానా యుగం ప్రపంచ చార్టులో ఎక్కడ వస్తుంది? పుస్తకానికో అంకె ఉంటే దేన్ని నమ్మాలి?

కొవ్వూరు_అమ్మాయి:

అందరికీ నమస్కారం. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను, ఇది మూడోసారి. డిగ్రీలో చదివింది కామర్స్ కాబట్టి రాళ్ళూ రప్పలూ నాకు కొత్త. భూమి చరిత్ర విభజన అనే చాప్టర్ దగ్గర వారం నుంచి ఇరుక్కుపోయాను.

అశోక్ నగర్‌లో మా రూమ్ గోడ మీద ఒక చార్టు అంటించుకున్నా. పెద్దది ఇయాన్, దాని లోపల ఎరా, దాని లోపల పీరియడ్, తర్వాత ఇపోక్, చివరికి ఏజ్. అంతవరకు బాగానే ఉంది. కేంబ్రియన్, ఆర్డొవీషియన్, సైలూరియన్, డెవోనియన్, కార్బోనిఫెరస్, పెర్మియన్, ట్రయాసిక్, జురాసిక్, క్రెటేషియస్ అని బట్టీ కూడా పట్టేశాను. బ్యాంకు పరీక్షలకి చదువుతున్న నా రూమ్మేట్‌కి కూడా వచ్చేసింది, పాపం.

అసలు గొడవ ఇది. కేంబ్రియన్ 57 కోట్ల ఏళ్ళ క్రితం మొదలైందని కోఠీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పుస్తకం చెబుతోంది. కోచింగ్ మెటీరియల్‌లో 54.2 కోట్లు. ఫోన్‌లో దింపుకున్న చార్టులో 53.88 కోట్లు. తేడా వెయ్యో రెండు వేలో కాదు, మూడు కోట్ల ఏళ్ళు!

ఇది చాలదన్నట్టు మెటీరియల్‌లో ఇండియాకి వేరే పట్టిక ఉంది. ఆర్కియన్, పురాణ, ద్రవిడియన్, ఆర్యన్ అని. అందులో కడప, గోండ్వానా యుగాలు. గోడ మీది చార్టు ఎంత వెతికినా ఈ పేర్లు కనిపించవు. క్లాసులో అడిగితే "రెండూ చదువుకోండి, ఏది అడిగితే అది రాయండి" అన్నారు. మరి ఒకే కాలానికి రెండు పేర్లా, లేక వేరు వేరు కాలాలా?

ఇంకోటి. ఒక చోట ఎర్లీ క్రెటేషియస్ అని, ఇంకో చోట లోయర్ క్రెటేషియస్ అని ఉంది. రెండూ ఒకటేనా?

ఆఖరిది పరీక్షకి సంబంధం లేని నా సొంత డౌటు. సైలూరియన్ రెండున్నర కోట్ల ఏళ్ళు కూడా లేదు, క్రెటేషియస్ ఏమో ఎనిమిది కోట్లకి దగ్గర. ఎవరు కోశారు ఇలా వంకరటింకరగా? సమానంగా కోస్తే వాళ్ళ సొమ్మేం పోయేది?


రెండు_మార్కులు:

చెల్లీ, అంత లోతుకి పోకు. దీని మీద ప్రిలిమ్స్‌లో వస్తే ఒక్క బిట్, రాకపోతే అదీ లేదు. ఆప్షన్లలో 54కి దగ్గరగా ఉన్నది పెట్టేసి ముందుకెళ్ళు. ఎకానమీ సర్వే అయిందా?


కోర్_బాక్స్:

అమ్మా, నేను గోదావరి లోయలో బొగ్గు కోసం వేసే బోర్ల దగ్గర ముప్ఫై ఏళ్ళ పైన పనిచేసి రిటైరైనవాణ్ణి. ఊరు ఇల్లందు. ఫోన్‌లో ఒక వేలితో టైప్ చేస్తాను, తప్పులుంటే సర్దుకో. పై తమ్ముడు చెప్పింది పరీక్ష వరకు మంచి సలహానే. కానీ నువ్వు ప్రశ్నలు నాలుగు అడిగినా వాటి వేరు ఒకటే. చార్టులోని గీతలు ఏళ్ళ మీద గీశారని అనుకుంటున్నావు. అవి రాళ్ళ మీద గీసినవి. ఏళ్ళు తర్వాత వచ్చి చేరాయి.

నేను ఉద్యోగంలో కొత్తగా చేరినప్పటి సంగతి చెబుతా. బోరు మెషిన్ భూమిలోంచి మణికట్టంత లావు రాతి కడ్డీలు తీస్తుంది, వాటిని కోర్ అంటాం. గాడులున్న పెట్టెల్లో, ఏది ఎంత లోతులో వచ్చిందో ఆ వరుసలోనే పేర్చాలి. నా పని ఆ పెట్టెల ముందు కూర్చుని, పైనుంచి కిందికి ఏ మీటరు దగ్గర ఏ రాయి ఉందో నోట్‌బుక్‌లో రాసుకోవడం. మణుగూరు వైపు ఒక సైటులో వాన పడుతుంటే హడావుడిగా పెట్టెల్ని టార్పాలిన్ కిందికి మార్చారు. అందులో ఒక పెట్టె తలకిందులైంది. నేను చూసుకోలేదు. ఉన్నది ఉన్నట్టు రాసేశాను: పైన గరుకు ఇసుకరాయి, దాని కింద సన్న ఇసుకరాయి, దాని కింద షేల్ అనే బురదరాయి, అట్టడుగున బొగ్గు.

సాయంత్రం మా సీనియర్ నోట్‌బుక్ చూసి, ఏమీ అనకుండా టీ తాగడం పూర్తి చేసి, "ఏటిని ఎగువకి పారించావేమిటయ్యా?" అన్నాడు.

విషయం ఏమిటంటే, మన బొగ్గు పొరలు ఏటి ఒండ్రులో పుట్టినవి. ఏరు ముందు తన కాలువలో గరుకు ఇసుక పరుస్తుంది. ఏరు పక్కకి జరిగాక దాని మీద సన్న ఇసుక, ఆ మీద బురద, చివరికి అక్కడ చిత్తడి అడవి పెరిగి కుళ్ళి బొగ్గు. కాబట్టి గరుకు కింద, బొగ్గు పైన ఉండాలి. నాది తిరగబడింది. లాంతరు పట్టుకుని మళ్ళీ పెట్టె దగ్గరికి వెళ్ళాను. ఇసుకరాయిలో ఏటవాలు చారలు ఉంటాయి. వాటి పై కొసలు కత్తితో కోసినట్టు తెగి ఉంటాయి, కింది కొసలు మెల్లగా వంగి నేలలో కలుస్తాయి. నా పెట్టెలో తెగిన కొసలు కిందికి ఉన్నాయి. ఆ పెట్టె మొత్తం మళ్ళీ రాశాను.

ఈ కథ ఎందుకంటే, ఆ నోట్‌బుక్‌లో ఒక్క ఏడాది అంకె కూడా లేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ఉంది. భూమి చరిత్రని మొదట విడగొట్టినవాళ్ళకి కూడా అంతకన్నా ఏమీ తెలియదు. కింది పొర ముందు పుట్టింది, పై పొర తర్వాత పుట్టింది అని 1669లో స్టెనో అనే ఆయన రాశాడు. తర్వాత ఇంగ్లండులో కాలవలు తవ్వించే సర్వేయరు విలియం స్మిత్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఏ పొరలో ఏ గుల్లలు ఉన్నాయో చూస్తే ఊళ్ళు దాటి కూడా అదే పొరని గుర్తుపట్టొచ్చని కనిపెట్టి, 1815లో మొత్తం ఇంగ్లండు, వేల్స్‌కి రంగుల మ్యాపు వేశాడు. అప్పటికీ ఏళ్ళు తెలియవు.

ఇక వంకరటింకరగా ఎవరు కోశారంటావా, అది ఒక గట్టు తగాదా. సెడ్జ్‌విక్, మర్చిసన్ అని ఇద్దరు స్నేహితులు. వేల్స్ కొండల్లో సెడ్జ్‌విక్ అడుగు పొరల నుంచి పైకి చదువుకుంటూ వస్తున్నాడు, మర్చిసన్ పై పొరల నుంచి కిందికి దిగుతున్నాడు. 1835లో ఇద్దరూ కలిసే పేపరు చదివారు. కింది వాటాకి వేల్స్ పాత పేరు మీద కేంబ్రియన్ అని, పై వాటాకి అక్కడి ఒక పాత తెగ పేరు మీద సైలూరియన్ అని పేర్లు పెట్టారు. నాలుగేళ్ళ తర్వాత డెవోనియన్ పేరు కూడా ఇద్దరూ కలిసే పెట్టారు. అంతవరకు అన్నదమ్ముల్లా ఉన్నారు. తీరా చూస్తే మధ్యలో కొన్ని పొరలు ఇద్దరి లెక్కలోనూ పడ్డాయి. ఇది నాదంటే నాదని మాటలు కూడా మానేసుకున్నారు. ఇద్దరూ పోయాక, 1879లో లాప్‌వర్త్ అనే బడిపంతులు ఆ తగాదా చెక్కని రెండిటి నుంచీ విడదీసి ఆర్డొవీషియన్ అని మూడో పేరు పెట్టాడు. అదీ వేల్స్ తెగ పేరే. సైలూరియన్ చిన్నదైపోయిందని అడిగావు కదా, పెద్ద చెక్క పంపకాల్లో పోయింది మరి!

మిగతావీ అంతే. మర్చిసన్ 1841లో రష్యా వెళ్ళి పెర్మ్ ఊరి పేరు మీద పెర్మియన్ అన్నాడు. జురా కొండల్లో చూసింది జురాసిక్. సుద్ద ఎక్కువగా ఉన్నది క్రెటేషియస్, లాటిన్‌లో సుద్దని క్రెటా అంటారు. జర్మనీలో మూడు పొరల కట్టగా కనిపించింది ట్రయాసిక్. రాతిలో, రాతిలోని జీవుల్లో మార్పు ఎక్కడ కనిపిస్తే అక్కడ కోశారు. ఆ ముక్కలకి ఎన్నేళ్ళు పట్టిందో అప్పుడు ఎవరికీ తెలియదు కాబట్టి, సమానంగా కోయాలన్న ఆలోచనకే చోటు లేదు.

ఏళ్ళు ఎప్పుడొచ్చాయి? యురేనియం నెమ్మదిగా సీసంగా మారే లెక్క దొరికాక. 1911లో ఆర్థర్ హోమ్స్ అనే 21 ఏళ్ళ కుర్రాడు నార్వే నుంచి తెచ్చిన డెవోనియన్ రాయికి 37 కోట్ల ఏళ్ళని లెక్క కట్టాడు. ఈరోజు నీ గోడ మీది చార్టులో చూడు, ఆ అంకె ఇప్పటికీ డెవోనియన్ లోపలే పడుతుంది.

ఇప్పుడు నీ 57, 54.2, 53.88 గొడవ. మీ ఊళ్ళో పొలం రీసర్వే జరిగిందా? హద్దురాయి కదలదు. కొత్త పరికరంతో కొలిస్తే సెంట్లు మారతాయి. ఇదీ అంతే. కేంబ్రియన్ హద్దురాయి కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దీవిలో ఫార్చూన్ హెడ్ అనే సముద్రపు ఒడ్డున ఉంది. అక్కడి పొరల్లో ఒక రకం పురుగు బురదలో తొలుచుకుంటూ పోయిన జాడ మొదటగా కనిపించే చోటు అది. అదే హద్దు అని 1992లో ఖాయం చేశారు. ఇలాంటి చోట్లకి ముద్దుపేరు బంగారు మేకు. కొన్ని చోట్ల నిజంగానే ఇత్తడి బిళ్ళ బిగిస్తారు. ఇక ఆ పురుగు జాడ ఎన్నేళ్ళ నాటిదో దాన్ని చూసి చెప్పలేం. అదే కాలపు పొరల మధ్య అగ్నిపర్వతం బూడిద ఎక్కడ దొరికితే అక్కడ, అందులోని జిర్కాన్ అనే ఖనిజపు రేణువుల్ని కొలవాలి. మంచి బూడిద దొరికినకొద్దీ, మిషన్లు మెరుగుపడినకొద్దీ అంకె సర్దుకుంటుంది. నేను ఎమ్మెస్సీ చదివినప్పుడు 57. ఆ తర్వాత 54 చిల్లర. ఇప్పుడు 53.88. నీ కోఠీ పుస్తకం అబద్ధం చెప్పలేదు, ముసలిదైపోయింది అంతే.

ఎర్లీ, లోయర్ సంగతి తేలిక. కాలానికి తొలి, మలి. రాతికి దిగువ, ఎగువ. డైనోసార్ తొలి క్రెటేషియస్‌లో బతికింది, దాని ఎముక దిగువ క్రెటేషియస్ రాతిలో దొరికింది. కాలాన్ని తవ్వలేం, రాతిలో బతకలేం. అందుకే రెండు వరుసల పేర్లు. పీరియడ్ అంటే కాలం, ఆ కాలంలో పేరుకున్న రాతి మొత్తాన్ని సిస్టమ్ అంటారు.

గోండ్వానా గురించి రాత్రికి రాస్తా. మనవణ్ణి ట్యూషన్ నుంచి తీసుకురావాలి.


పంచాంగం:

ఇవన్నీ మన పెద్దలు ఎప్పుడో చెప్పినవే కదా. కల్పం 432 కోట్ల ఏళ్ళు, భూమి వయసు 454 కోట్లు. ఇంత దగ్గరగా ఎలా వచ్చింది మరి? పడమటివాళ్ళు ఇప్పుడు కొలిచి చెబితే చప్పట్లు కొడుతున్నాం.


కొవ్వూరు_అమ్మాయి:

కోర్ బాక్స్ అంకుల్ గారూ, చాలా చాలా థాంక్స్. ఏటిని ఎగువకి పారించడం చదివి గట్టిగా నవ్వేశాను, రూమ్మేట్‌కి కూడా చదివి వినిపించా. హద్దురాయి మాట ఇక జన్మలో మర్చిపోను. మా నాన్నకీ బాబాయికీ ఆ విషయంలోనే మాటల్లేవు.

గోండ్వానా కోసం ఎదురుచూస్తుంటాను. ఇంకొక్క చిన్న డౌటు. మాది కొవ్వూరు దగ్గర పల్లె. దేవరపల్లి వైపు అంతా నల్లరాయి క్వారీలే, మా మావయ్య అక్కడ టిప్పర్ నడుపుతాడు. చిన్నప్పుడు బ్లాస్టింగ్ మోతకి మా ఇంట్లో గిన్నెలు కదిలేవి. ఆ రాయి ఈ చార్టులో ఎక్కడుంటుంది?


కోర్_బాక్స్:

ముందు పంచాంగం గారికి. అయ్యా, యుగాల లెక్కలో పొడుగులు ముందే ఖాయం. కలికి రెండింతలు ద్వాపరం, మూడింతలు త్రేత, నాలుగింతలు కృతం. ఈ చార్టులో ఏ ముక్క పొడుగూ ఎవరూ ముందు అనుకోలేదు, కొలిస్తే తేలింది. 432, 454 దగ్గరగా ఉన్నాయంటే ఉన్నాయి. కానీ 432 ఏనాడూ మారదు, 454 మాత్రం రేపు కొత్త కొలత వస్తే మారడానికి సిద్ధం. రెండూ రెండు రకాల లెక్కలు, ఒకదాని గొప్ప కోసం ఇంకోదాన్ని సాక్షికి పిలవడం ఎందుకు? ఒక మాట మాత్రం మీ దగ్గర అప్పు తీసుకుంటా, యుగసంధి. చార్టులో రెండు పీరియడ్ల మధ్య గీతకి ఇంతకన్నా మంచి తెలుగు నాకు దొరకలేదు.

అమ్మాయీ, ఇప్పుడు గోండ్వానా. గోండుల నేల అని 1870ల మొదట్లో మెడ్లికాట్ అనే జియాలజిస్టు మన మధ్యదేశపు రాళ్ళకి పెట్టిన పేరు ఇది. అది రాళ్ళ కట్ట పేరు. కాలం పేరు కాదు. కాకతీయుల గుడులు అంటే ఒక రకం కట్టడాలు. పన్నెండో శతాబ్దం అంటే కాలం. కాకతీయ గుడులు పన్నెండులోనూ ఉన్నాయి, పదమూడులోనూ ఉన్నాయి. మీ మెటీరియల్ గుడినీ శతాబ్దాన్నీ ఒకే పట్టికలో పెట్టింది. ఆర్కియన్, పురాణ, ద్రవిడియన్, ఆర్యన్ అన్న వరుస బ్రిటిష్ కాలంలో థామస్ హాలండ్ వేసింది. మన రాళ్ళని యూరప్ పేర్లలో ఇరికించలేక వేసుకున్న దేశవాళీ అల్మారా అనుకో. ఇప్పుడు పనిలో ఎవరూ వాడరు, పరీక్షల్లో మాత్రం చావలేదు.

గోండ్వానా కట్టని మన గోదావరి లోయలో అడుగు నుంచి చూస్తే, మొదట తాల్చేర్ అనే పొర. హిమనదాలు ఈడ్చుకొచ్చి పడేసిన గుండ్రాళ్ళు ఉంటాయి అందులో. ఎండాకాలం కొత్తగూడెంలో నిలబడి ఇక్కడ ఒకప్పుడు మంచు ఉండేదంటే ఎవడూ నమ్మడు. దాని మీద బరాకర్, అందులోనే మన బొగ్గు. ఆ పైన కాంఠీ, మలేరీ, కోట, చివర చిక్యాల. కింది కొస నుంచి పై కొసకి వచ్చేసరికి చార్టులో పెర్మియన్, ట్రయాసిక్, జురాసిక్ దాటి క్రెటేషియస్‌లో కాలు పెడతావు. నాలుగు పీరియడ్ల మీద పరుచుకున్న కట్టని ఒక యుగం అంటే ఎలా?

ఇక్కడే ఒక గుంట ఉంది, పడకు. కార్బోనిఫెరస్ అంటే బొగ్గునిచ్చేది అని అర్థం. అది యూరప్ బొగ్గు. మన గోదావరి బొగ్గు పెర్మియన్, అంటే ఆ తర్వాతది. ఎంత చదివినవాళ్ళయినా ఇందులో తప్పు చేస్తారు. బొగ్గు పైనున్న షేల్‌ని సుత్తితో మెల్లగా తడితే పుస్తకంలా విడిపోయేది. ఒక్కోసారి లోపల నాలుక ఆకారంలో ఆకు, మధ్య ఈనె, దాని నుంచి వలలా అల్లుకున్న సన్న ఈనెలు. గ్లాసోప్టెరిస్ దాని పేరు. ఆ ఆకు కనిపించిందంటే చార్టులో మనం ఎక్కడున్నామో అడగక్కర్లేదు. పెర్మియన్ ముగిసేసరికి ఆ చెట్టు వంశం దాదాపు పోయింది. 25.19 కోట్ల ఏళ్ళ నాటి ఆ యుగసంధి హద్దురాయి చైనాలో మైషాన్ అనే చోట ఉంది.

నువ్వు హైదరాబాద్‌లోనే ఉన్నావుగా, ఒక ఆదివారం బిర్లా సైన్స్ మ్యూజియంకి వెళ్ళు. యామనపల్లి దగ్గర కోట పొరల్లో దొరికిన కోటసారస్ అస్థిపంజరం నిలబెట్టారు. తొలి జురాసిక్‌ది. కోచింగ్ క్లాసులో గోండ్వానా యుగం అన్నప్పుడల్లా దాని పొడుగు మెడ గుర్తు తెచ్చుకో.

కడప రాళ్ళు ఇంకా చాలా పాతవి. చార్టులో ప్రొటెరొజోయిక్ అనే ఇయాన్‌లో పడతాయి. వాటిలో గుల్లలూ ఎముకలూ ఉండవు, అప్పటికి అలాంటి జంతువులే లేవు. వేంపల్లె సున్నపురాతిలో మాత్రం సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టిన స్ట్రోమటొలైట్లు, కోసిన క్యాబేజీలా కనిపిస్తాయి. కేంబ్రియన్‌కి ముందు కాలమంతా ఇలాగే. భూమి చరిత్రలో నూటికి 88 పాళ్ళు అదే, చార్టుల్లో మాత్రం అడుగున ఇంత జాగాలో నొక్కేస్తారు. అక్కడ గుర్తులకి గుల్లలు లేవు కాబట్టి చాలా హద్దుల్ని నేరుగా అంకెలతో గీశారు. ఆర్కియన్ ఎప్పుడు అయిపోయింది? 250 కోట్ల ఏళ్ళ క్రితం, సున్నా చుట్టినట్టు. హైదరాబాద్ గుట్టల గ్రానైట్ సరిగ్గా ఆ హద్దు అటూ ఇటూ వయసున్నది.

తిరుమల ఘాట్ రోడ్డులో చూసే ఉంటావు కానీ పట్టించుకుని ఉండవు. కింద గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా కడప కట్టకి చెందిన క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. ఆ రెండూ ఆనుకున్న గీత దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ళు లేవు. ఆ కాలపు రాయి ఇక్కడ పేరుకోలేదో, పేరుకున్నది కొట్టుకుపోయిందో. ప్రభుత్వం ఆ చోటుని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. ఇలాంటి పేజీలు చిరిగిన చోట హద్దురాయి పాతలేం. అందుకే మైషాన్ అనీ ఫార్చూన్ హెడ్ అనీ, పొరలు తెగకుండా ఉన్నచోట వెతుక్కుని పాతారు.

ఇక మీ మావయ్య క్వారీ. ఇది చెప్పడానికే ఇంతసేపు ఆగాను. మీ నల్లరాయి లావా. రాజమండ్రి ట్రాప్స్ అంటారు. పడమటి దక్కన్ నుంచి పాత నదీలోయల వెంట వందల కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని చెబుతారు. మీ వైపు క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సముద్రపు, ఉప్పుటేటి బురద గట్టిపడిన పొర ఉంది. గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్త బృందం ఆ పొరలోని కంటికి ఆనని గుల్లల్ని మైక్రోస్కోపులో చూసి, అవి డైనోసార్లు పోయిన వెంటనే పుట్టిన కొత్త తరానివని 2008లో రాసింది. అంటే కింది లావా పొర క్రెటేషియస్ చివర, మధ్య పొర తర్వాతి పేలియోజీన్ మొదట్లో. చార్టులో 6.6 కోట్ల దగ్గరున్న గీత మీ గిన్నెలు కదిలిన చోటే ఉంది. ఆ యుగసంధికి అధికారిక హద్దురాయి ట్యునీసియాలో ఎల్ కెఫ్ దగ్గర ఉందనుకో, అయినా మీది తక్కువేం కాదు.


షిల్లాంగ్_డ్యూటీ:

ఇల్లందు పెద్దాయనకి నమస్తే. మాది శ్రీకాకుళం, షిల్లాంగ్‌లో రెండేళ్ళు పోస్టింగ్‌లో ఉన్నా. మీరు చెప్పే హద్దురాళ్ళలో ఒకటి మన దేశంలో కూడా ఉంది. సోహ్రా (చిరపుంజి) దగ్గర మామ్లూ గుహ. ఖాసీ భాషలో గుహని క్రెమ్ అంటారు, క్రెమ్ మామ్లూ అని అడిగితేనే లోకల్స్‌కి తెలుస్తుంది.

నాకు ఇవేమీ తెలియక, ఆదివారం సరదాగా నలుగురం వెళ్ళాం. నీళ్ళలో నడవాలి, మోకాళ్ళదాకా, చలికి కాళ్ళు కొయ్యబారిపోయాయి. టార్చి వేస్తే పైనుంచి వేలాడే రాళ్ళు, కింది నుంచి లేచిన రాళ్ళు. గైడు కుర్రాడు "ఇక్కడి రాయి పేరు మీద ప్రపంచంలో ఒక ఏజ్ ఉంది, ఇప్పుడు మీరున్నది అందులోనే" అన్నాడు. టూరిస్టులకి అందరూ చెప్పే కబురే అనుకున్నా. తర్వాత చూస్తే నిజం! మేఘాలయన్ ఏజ్, 2018లో ఖాయం చేశారు.


కొవ్వూరు_అమ్మాయి:

అయ్యో, నేను మొన్న మాక్ టెస్టులో మనం ఉన్నది ఆంత్రోపోసీన్ అని పెట్టి మార్కు పోగొట్టుకున్నా! పేపర్లలో అంతా అదే రాస్తున్నారు కదా అని. మరి అది లేదా?


కోర్_బాక్స్:

షిల్లాంగ్ తమ్ముడూ, అదృష్టవంతుడివి. నేను ఆ గుహ గురించి చదవడమే. అక్కడ నేల మీంచి లేచిన ఒక సున్నపు స్తంభంలో, చుక్క చుక్కగా పేరుకున్న పొరల్లోని ఆక్సిజన్ రకాల్ని కొలిస్తే సుమారు 4,200 ఏళ్ళ క్రితం వానలు బాగా తగ్గిన గుర్తు దొరికింది. అదే హద్దు. ఇయాన్ కోట్లాది ఏళ్ళు, ఇది నాలుగు వేల చిల్లర. అయినా నిచ్చెనలో దానికీ ఒక మెట్టు. దీనికి పై మెట్టు హోలోసీన్, 11,700 ఏళ్ళ నాడు మొదలు. దాని హద్దురాయి అసలు రాయే కాదు, గ్రీన్‌లాండ్ మంచులో 1,492 మీటర్ల లోతు నుంచి తీసిన మంచు కోర్. కోపెన్‌హాగన్‌లో ఫ్రీజర్‌లో పెట్టి కాపాడుతున్నారు. కరెంటు పోతే యుగసంధి కరిగిపోతుంది. మా కోర్ పెట్టెలకి ఆ టెన్షన్ లేదు, చెదలు తప్ప.

అమ్మాయీ, ఆంత్రోపోసీన్ మాట పేపర్లలో వాడుకోవచ్చు, చార్టులో లేదు. మనుషుల వల్ల భూమి మారిపోయింది కాబట్టి 1950ల నుంచి కొత్త ఇపోక్ మొదలైనట్టు ఒప్పుకోమని ప్రతిపాదన పెట్టారు. కెనడాలో క్రాఫర్డ్ సరస్సు అడుగు బురదని హద్దుగా చూపించారు. 2024 మార్చిలో ఓటింగ్‌లో వీగిపోయింది. నన్నడిగితే సరిగ్గానే చేశారు. మనుషులు భూమిని పాడు చేయలేదని కాదు. డెబ్భై ఏళ్ళ బురద మీద గీత గీయడానికి అంత తొందరేముంది? కాబట్టి పరీక్షలో అడిగితే ఇలా రాయి: ఫనెరొజోయిక్ ఇయాన్, సీనొజోయిక్ ఎరా, క్వాటర్నరీ పీరియడ్, హోలోసీన్ ఇపోక్, మేఘాలయన్ ఏజ్. ఉత్తరం మీద అడ్రసులా గుర్తుపెట్టుకో, దేశం నుంచి డోర్ నంబరు దాకా.

అంకెలు రాసేటప్పుడు ముందు 'సుమారు' తగిలించు. మిలియన్లు కనిపిస్తే పదితో భాగిస్తే కోట్లు.


కొవ్వూరు_అమ్మాయి:

ఆదివారం మ్యూజియంకి వెళ్ళొచ్చాను. కోటసారస్ ముందు చాలాసేపు నిలబడ్డా. పక్కనే ఒక పిల్లాడు వాళ్ళమ్మని "ఇది ఏ సినిమాలోది?" అని అడుగుతున్నాడు. మా మంచిర్యాల వైపుదే అందామె. నాకెందుకో భలే సంతోషం వేసింది.

రాత్రి మావయ్యకి ఫోన్ చేసి మీరు చెప్పిందంతా చెప్పాను. నల్లరాయి మధ్యలో తెల్లగా సుద్దలాంటి పొర తగులుతుందట, క్రషర్‌కి పనికిరాదని పక్కకి తోసేస్తారట. అందులో ఆల్చిప్పల్లాంటివి చూశాను, ఇంత ఎత్తున సముద్రం ఎక్కడిదని నవ్వుకునేవాళ్ళం అన్నాడు. ఈసారి తగిలితే ఒక ముక్క నాకోసం ఉంచుతానన్నాడు!


కోర్_బాక్స్:

ఉంచమను. కానీ రాలి పడిన కుప్పలోంచి ఏరొద్దని చెప్పు, గోడలో ఉన్నప్పుడే తీయాలి, అదీ బ్లాస్టింగ్ లేని రోజు, పెచ్చులు ఊడని చోట. ఏ క్వారీ, నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తు, దాని మీద ఏముంది, కింద ఏముంది, ఒక చీటీ మీద రాసి ముక్కతో పాటు కవర్లో పెట్టమను. తీసే ముందు పెన్నుతో రాయి మీద ఒక బాణం గుర్తు వేయమను, పై వైపు ఎటో తెలిసేలా.